కొళాయి గారకు వెనిగర్ మంచి మందే, కడప బండకు మాత్రం తగలనివ్వకండి

మా తాడిపత్రి వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లలో కొళాయి మూతి చుట్టూ తెల్లగా గార కట్టి ఉంటుంది. ఎంత సబ్బు పెట్టి తోమినా కదలదు. అది మురికి కాదు, సున్నం. నీళ్లలో కరిగి వచ్చిన కాల్షియం, ఆ నీళ్లు కాగినప్పుడో ఆరినప్పుడో కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడి అతుక్కుంటుంది. దానికి పులుపు తగిలితే కరుగుతుంది. అంగట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో సుమారు 4, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. ఇంటి పనికి అది చాలు.

చిక్కు ఎక్కడంటే, మన వంటగట్టు, మెట్లు, బాత్‌రూం నేల కూడా చాలా ఇళ్లలో అదే సున్నపు రాయి. తాడిపత్రి నల్ల బండ అన్నా, కడప బండ అన్నా, బేతంచెర్ల నాపరాయి అన్నా అన్నింటిలోనూ ఉండేది ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. అందుకే ముందు బండ సంగతి చెప్పి మిగతా వాటికి వెళ్తాను.

నల్ల బండ మీద బూడిదరంగు మచ్చ

తడిగా ఉన్నప్పుడు కనపడదు. ఆరగానే పాలిపోయినట్టు తేలుతుంది. వేలితో తడిమితే ఆ చోటు గరుకుగా ఉంటుంది.

మా ఇంట్లో ఇది నా చేతులారా చేసుకున్నదే. స్టవ్ పక్కన నూనె జిడ్డు వదలడం లేదని వెనిగర్ పోసి పది నిమిషాలు వదిలేశాను. జిడ్డుతో పాటు బండ నునుపు కూడా పోయింది. చాలా బాధపడ్డాను. పులుపు రాయి పైపొరను కరిగించేసింది, అంతే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. మూడు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ గుహలను తొలిచింది కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న నీళ్లే. వాటికి వేల వేల ఏళ్లు పట్టింది. వెనిగర్ అంతకంటే ఎన్నో రెట్లు పులుపు కాబట్టి పది నిమిషాల్లో మచ్చ పడింది.

పడిన వెంటనే చూస్తే దండిగా నీళ్లు పోసి, చిటికెడు వంటసోడా చల్లి తుడవండి. మచ్చ పడిపోయి, అది తేలికపాటిదైతే సన్న నీటి ఎమెరీ కాగితంతో తడిపి తడిపి మెల్లగా రుద్ది, బాగా ఆరాక నాలుగు చుక్కల కొబ్బరినూనె పట్టించండి. నలుపు చాలావరకు తిరిగి వస్తుంది. లోతుగా తిన్నదైతే పాలిష్ పట్టేవాళ్లను పిలవాల్సిందే. నిమ్మచెక్కలు, చింతపులుసు కూడా బండకు ఇదే చేస్తాయి. రోజువారీ జిడ్డుకు గోరువెచ్చని సబ్బు నీళ్లు సరిపోతాయి.

మీ బండ ఏ రాయో తెలియకపోతే కనపడని మూలలో ఒక్క చుక్క వెనిగర్ వేసి చూడండి. సన్నని బుడగలు వస్తే అది సున్నపు రాయి. వెంటనే కడిగేయండి. పాలరాయి, మొజాయిక్, టైల్స్ మధ్య సిమెంటు కూడా ఈ జాబితాలోవే.

షవర్ నీళ్లు పక్కలకు చిమ్మడం, కొళాయి ధార సన్నబడటం

రంధ్రాల్లో గార పూడుకుంది. ప్లాస్టిక్ కవర్లో వెనిగర్ పోసి, షవర్ తల మునిగేలా పైకి తొడిగి రబ్బరుబ్యాండు వేయండి. ఒక గంట చాలు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లు గట్టిగా వదలండి. రాత్రంతా ఉంచితే పైన మెరుపు పూత దెబ్బతినొచ్చు. కింద బకెట్ పెట్టడం మరవకండి, కారేది బండ మీదకే. కొళాయి మూతి జాలీ అయితే తిప్పి ఊడదీసి గ్లాసులో నానబెడితే సరిపోతుంది.

కెటిల్ అడుగున తెల్ల పొర

ఈ పొర పెరిగేకొద్దీ నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఎక్కువ కాలుతుంది. వెనిగర్, నీళ్లు సమంగా పోసి వేడి చేసి, అరగంట ఉంచి పారబోయండి. రెండుసార్లు ఉత్త నీళ్లు కాచి పారబోస్తే వాసన పోతుంది. స్టీలుకు ఇది బాగుంటుంది కానీ అల్యూమినియం గిన్నెల్లో చేయొద్దు, లోహం తినేస్తుంది.

గార వదిలిందంటే నీళ్లు బాగుపడ్డాయని అనుకోకండి. మన జిల్లాలో చాలా ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. అది కాచినా పోదు, వెనిగర్‌తోనూ పోదు. తాగే నీళ్లకు వేరే ఏర్పాటు ఉండాల్సిందే.

కూలర్ తిరుగుతున్నా చల్లదనం లేకపోవడం

ఏప్రిల్, మే నెలల్లో మనకు కూలర్ లేనిదే నిద్ర పట్టదు కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. కూలర్‌లో నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పులు మాత్రం తొట్టిలోనే మిగిలిపోతాయి. రోజూ పై నుంచి నీళ్లు పోస్తూ పోతే ఆ ఉప్పులు చిక్కబడి ప్యాడ్ల మీద గార కడతాయి. తడి ఆరే చోటు, గాలి పోయే దారి రెండూ మూసుకుపోతాయి.

ప్లగ్ తీసేయండి. గడ్డి ప్యాడ్లయితే మార్చేయడమే మేలు. తేనెతుట్టె ప్యాడ్లను బయటకు తీసి, ఒక వంతు వెనిగర్‌కు నాలుగు వంతుల నీళ్లు కలిపిన ప్లాస్టిక్ టబ్బులో గంటసేపు నానబెట్టి, పైపు నీళ్లతో కడగండి. గట్టిగా రుద్దితే చినుగుతాయి. పంపును అదే నీళ్లలో అరగంట ముంచి, జాలీ విప్పి లోపలి రెక్కను శుభ్రం చేయండి. రేకు తొట్టిలో మాత్రం వెనిగర్ నిలవ ఉంచొద్దు, జింకు పూత పోయి తుప్పు పడుతుంది. వారానికోసారి తొట్టి మొత్తం ఖాళీ చేస్తే అసలు ఇంత గార పట్టదు.

ఉతికిన తువ్వాళ్లు అట్టల్లా బిగుసుకోవడం

ఉప్పు నీళ్లలో సబ్బు సరిగా కరగదు, తెట్టుగా మారి బట్టల పోగుల్లో ఉండిపోతుంది. ఆఖరి జాడింపు బకెట్లో పావు కప్పు వెనిగర్ కలిపి జాడించండి. ఆరాక వాసన ఉండదు. నెలకోసారి చేస్తే చాలు. మిషన్‌లో పదే పదే పోస్తే రబ్బరు భాగాలు పాడవుతాయి.

కలపకూడనివి

బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ద్రవం గానీ ఉన్న చోట వెనిగర్ పోయకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కళ్లు మండి, ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే కడుగుతూ కూర్చోవద్దు. పిల్లలను తీసుకుని బయటకు వచ్చేయండి, బయటి గాలి బాగా ఆడేదాకా లోపలికి పోకండి. ఊపిరి కష్టంగా ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే నురగ వస్తుంది, దాన్ని చూసి బాగా పనిచేస్తోందని అనుకుంటాం. నిజానికి ఒకదాని బలాన్ని ఒకటి చంపేస్తాయి. గారకు వెనిగర్ ఒక్కటే వాడండి. ఆ రెండూ కలిపి సీసాలో పోసి మూత బిగిస్తే గ్యాస్ నిండి సీసా పగులుతుంది.

ఇత్తడి, రాగి బిందెల కిలుముకు వెనిగర్ కొననక్కర్లేదు. మన అవ్వలు వాడిన చింతపండు, ఉప్పు చాలు. కాకపోతే నల్ల బండ మీద కూర్చుని తోమకుండా, ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకుని తోమండి.