తుపాకీ పట్టినవాడి కథ: 22 పేజీల కామిక్ సంచిక రాయడం ఎలా

తానే తీర్పు చెప్పి తానే శిక్ష అమలు చేసే మనిషిని నాయకుడిగా పెట్టుకొని కామిక్ సంచిక రాయదలచినవారు, కథలో అతను పొరబడే చోటును అన్నిటికంటే ముందు నిర్ణయించుకోవాలి. ఈ కోవలో బాగా పేరుపడిన మార్వెల్ కామిక్స్ పాత్ర పనిషర్, 1974 ఫిబ్రవరి తేదీతో వెలువడిన అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 129వ సంచికలో తొలిసారి కనిపించినప్పుడు నాయకుడిగా రాలేదు. జాకల్ అనే దుర్మార్గుడి మాటలు నమ్మి, నిరపరాధి అయిన స్పైడర్‌మ్యాన్‌ను చంపడానికి వచ్చాడు. రచయిత గెరీ కాన్వే ఆ ఒక్క ఏర్పాటుతోనే పాత్ర స్వభావాన్ని పట్టించాడు. అతని భార్యాబిడ్డలు నేరముఠాల చేతిలో చనిపోయిన సంగతి 1975లో, మార్వెల్ ప్రివ్యూ రెండో సంచికలో గానీ పాఠకులకు తెలియలేదు. కాబట్టి మొదటి సంచికలోనే కన్నీటి గతాన్ని ఐదారు పేజీల మేర పరచనక్కరలేదు. అలా పరిస్తే, అతను తరువాత ఏం చేసినా పాఠకుడు ముందే క్షమించి ఉంటాడు, కథకు బిగువు మిగలదు.

ఈ పాత్రను తిరుపతికి తెచ్చుకుంటే శేషాచలం అడవి, ఎర్రచందనం దొంగరవాణా తప్పక గుర్తుకు వస్తాయి. ఉదాహరణకు, దొంగల రాళ్లదాడిలో తమ్ముణ్ణి పోగొట్టుకొని ఉద్యోగం మానేసిన ఫారెస్టు వాచరును నాయకుడిగా అనుకుందాం. అతని తుపాకీకి అందేది ఎవరు? దుంగలను రేవులకు చేర్చి డబ్బు చేసుకునేవాడు అడవిలో అడుగు పెట్టడు. గొడ్డలి పట్టుకొని ఎదురుపడేది కూలికి వచ్చిన పేదవాడే. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరికి దగ్గరలోని అడవిలో, ఎర్రచందనం దొంగరవాణాను అరికట్టే టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వారు తమిళనాడు నుంచి వచ్చినవారు. ఆ కాల్పుల తీరుపై హక్కుల సంఘాలు గట్టిగా ప్రశ్నించాయి. ఈ జిల్లాలో కూర్చొని ఇటువంటి కథ రాసేవారు ఆ సంఘటనను ఎరగనట్టు రాయకూడదని నా దృఢమైన అభిప్రాయం.

పొరపాటును పేజీ తిప్పే చోట ఉంచాలి. అచ్చు సంచికలో బేసి సంఖ్య పేజీ కుడివైపున ఉంటుంది కనుక, పాఠకుడికి ముందుగా కనబడకూడని బొమ్మను సరి సంఖ్య పేజీలో వేస్తారు. పదకొండో పేజీ చివరి ప్యానెల్‌లో, అంటే చివరి బొమ్మ గడిలో, పొద మాటున కదిలే నీడ, తుపాకీ గొట్టం మాత్రమే ఉండాలి. పేజీ తిప్పగానే పన్నెండో పేజీ నిండా, చేతులెత్తి నిలబడిన కుర్రవాడు. "సుడాదీంగ అణ్ణా" అని అతను తమిళంలో బతిమాలాడు. చిత్తూరు సరిహద్దు పల్లెలో పెరిగిన వాచరుకు ఆ మాట అర్థమైంది, అయినా అప్పటికే మీట నొక్కాడు. ఇక్కడ ఆ తమిళ మాటకు అర్థం ఇవ్వకుండా వదిలేయండి; పాఠకుడికి సందర్భమే చెబుతుంది.

కాల్పుకు ఒక్క పేజీ చాలు. ఆ తరువాతి ఐదారు పేజీలను దాని ఫలితానికి కేటాయించాలి: మిగిలిన కూలీలు శవాన్ని చెట్టుకొమ్మలకు కట్టి మోయడం, ఆసుపత్రి శవాగారం ముందు తెలుగు రాని తండ్రి కాగితాల మీద వేలిముద్ర వేయడం, గుంపులో వెనకగా నిలబడి అతని మాటలన్నీ వింటున్న వాచరు. రక్తాన్ని ఎంత వివరంగా గీస్తే అంత బలం వస్తుందనుకోవడం చాలామంది కొత్త చిత్రకారుల భ్రమ. ఏమైనా, అట్ట మీద పెద్దల కోసమన్న సూచన తప్పనిసరిగా ఉండాలి.

నాయకుడి దుస్తుల మీద వేసే ఛాతీ గుర్తు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పనిషర్ గుర్తయిన పుర్రెను కాన్వే మొదట రొమ్ము మీద ఒక పక్కన చిన్నదిగా ఊహించగా, చిత్రకారుడు జాన్ రొమీటా దానిని ఛాతీ నిండా పెంచి పళ్లను తూటాల పట్టీగా మలిచాడు. గుర్తుకు పని ఉండాలన్నది అందులోని పాఠం. తిరుపతి కథ కనుక నామమో శంఖచక్రాలో పెట్టాలనిపిస్తుంది; అలా పెడితే అతని హత్యలన్నిటికీ దైవానుమతి ఉన్నట్టవుతుంది, భక్తుల మనసూ నొచ్చుకుంటుంది. దానికి బదులు పట్టుబడిన దుంగ మీద వేసే అంకె వంటి గుర్తు పెట్టండి; అది అతని బతుకులోంచే వస్తుంది.

అతణ్ణి మెచ్చుకునేవారిని కూడా కథలో చూపాలి. 2019లో వచ్చిన ఒక పనిషర్ సంచికలో, తమ కారుకు పుర్రె స్టిక్కరు అంటించుకున్న పోలీసులు ఎదురైతే అతను దానిని చింపివేసి, ఆదర్శం కావాలంటే మరో మార్వెల్ వీరుడు కెప్టెన్ అమెరికాను చూడమంటాడు. మన కథలో కరకంబాడి రోడ్డు టీ అంగడి కుర్రవాడు "నువ్వు చేసిందే కరెక్టు వాచరన్నా" అంటే, అతను డబ్బులు పెట్టి టీ తాగకుండానే లేచిపోవచ్చు.

సంభాషణలు ఈ నేల యాసలోనే సాగాలి. "యాడికి పోతా ఉండావు నాయనా?" అని తల్లి అడిగిన మాటను "ఎక్కడికి వెళుతున్నావు" అని దిద్దితే ఆమె వేరే ఊరి మనిషి అయిపోతుంది. ఒక్కో బెలూన్‌లో, అంటే మాటలు రాసే బుడగలో, ఇరవై మాటలు మించనివ్వకండి. వత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం ఇంగ్లీషు కంటే ఎక్కువగా ఉంచండి. తెలుగులో ఇంగ్లీషులో మాదిరి పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు లేవు కనుక, అరుపును అక్షరం పరిమాణంతో, మందంతో చూపాలి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో అక్షరాలు కూర్చేవారు, భారతీయ లిపుల కోసం ఉన్న వరల్డ్ రెడీ లేఅవుట్ అనే అమరికను ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. నేపథ్యంలో తిరుమల కొండ ఊరికి ఉత్తరాన ఉంటుందని చిత్రకారుడికి స్క్రిప్టులోనే రాసి ఇవ్వండి. అలా ఇవ్వకపోతే ప్యానెల్ ప్యానెల్‌కూ కొండ పక్క మారుతుంది.