పీహెచ్‌సీలో ఒక మందు బదులు ఇంకొకటి వెళ్లకుండా చూడటం ఎలా?

2019 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్ర బదులు ట్రమడాల్ ఇచ్చారు. పిల్లల ప్రాణాలు పోయాయి. ట్రమడాల్ పెద్దల నొప్పికి వాడే మందు. పసివాళ్లలో ఊపిరినే మందగింపజేస్తుంది. ఒకేలా కనిపించే స్ట్రిప్పులు పక్కపక్కనే ఉన్నంత కాలం ఎంత అనుభవం ఉన్న చేయైనా పొరబడుతుంది. అందుకే పని అల్మారా దగ్గర మొదలుపెట్టాలి.

1. అల్మారా సర్దడం

కొత్త స్టాక్ రాగానే ప్రతి మందునూ పాత స్ట్రిప్పు పక్కన పెట్టి చూడండి. సరఫరా కంపెనీ మారితే రంగు కూడా మారిపోతుంది. కాబట్టి రంగు చూసి మందు తీసే అలవాటు పూర్తిగా మానాలి. పోలికలున్న వాటిని వేర్వేరు అరల్లో పెట్టి, అర మీద పేరు, మోతాదు పెద్ద అక్షరాల్లో రాయండి. ట్రమడాల్ లాంటివి తాళం వేసిన అరలోనే ఉండాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది పొటాషియం క్లోరైడ్‌కి. దాని 10 మి.లీ. ఆంపుల్ (మూతి విరిచి తెరిచే చిన్న సీసా) స్టెరైల్ వాటర్ (ఇంజెక్షన్లలో కలిపే శుద్ధమైన నీరు) ఆంపుల్‌లాగే కనిపిస్తుంది. పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఇంజెక్షన్ ట్రేలో అది అసలు ఉండకూడదు.

2. టీకాల రోజు

టీకాలు దాచే ప్రత్యేక ఫ్రిజ్ అయిన ఐఎల్‌ఆర్‌లో టీకాలు, వాటి డైల్యుయెంట్ (టీకా పొడిని కరిగించే ద్రవం) తప్ప ఇంకేమీ పెట్టొద్దు. కాన్పు సమయంలో వాడే ఆక్సిటోసిన్‌ ఇంజెక్షన్‌కీ 2–8 డిగ్రీల చల్లదనం కావాలి, కానీ దాని చోటు వేరే ఫ్రిజ్‌లో. 2014లో సిరియాలోని ఇద్‌లిబ్‌లో తట్టు టీకా పొడిలో డైల్యుయెంట్ బదులు కండరాలను స్తంభింపజేసే అట్రాక్యూరియం కలిపారు. 15 మంది పిల్లలు చనిపోయారు.

ఎంఆర్ (తట్టు, రూబెల్లా) టీకాను దానితో వచ్చిన డైల్యుయెంట్‌తోనే కలపాలి. ఆంపుల్ మీది పేరు పైకి చదివి, పక్కనున్న మరొకరికి చూపించాకే పగలగొట్టండి. కలిపిన సమయం వయల్ (టీకా సీసా) మీద రాయండి. 4 గంటలు దాటితే అందులో సూక్ష్మజీవులు పెరిగే ప్రమాదం ఉంది, ఎన్ని డోసులు మిగిలినా పక్కన పడేయాల్సిందే.

3. మందులిచ్చే కిటికీ దగ్గర

“లక్ష్మిగారేనా?” అని అడిగితే రద్దీలో ఎవరైనా తలూపేస్తారు. “మీ పేరేంటమ్మా, ఇంటిపేరు, వయసు?” అని వాళ్లచేతే చెప్పించి ఓపీ చీటీతో సరిచూడండి. మందు పేరును మూడుసార్లు చదవాలి: తీసేటప్పుడు, కత్తిరించేటప్పుడు, చేతికిచ్చేటప్పుడు. కత్తిరించిన ముక్క మీద చాలాసార్లు పేరు, గడువు తేదీ ఉండవు. అందుకే కవరులో వేసి రెండూ రాసివ్వాలి.

పసిపిల్లల పారాసిటమాల్ లెక్క నోటితో చెప్పి వదిలేయొద్దు. కిలోకి 10–15 మి.గ్రా. చొప్పున 5 కిలోల బిడ్డకు ఒక విడతకు 50–75 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 2–3 మి.లీ. అదే 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే చుక్కల మందైతే 0.5–0.75 మి.లీ. చాలు. సిరప్ అనుకుని చుక్కల మందు 2.5 మి.లీ. పోస్తే 250 మి.గ్రా. లోపలికి పోతుంది, అంటే మూడు నుంచి ఐదు రెట్లు. 500 మి.గ్రా. మాత్రలో పావు ముక్క 125 మి.గ్రా.; ఆ బిడ్డకు అదీ ఎక్కువే. ఇంట్లో చెంచాలు రకరకాలుగా ఉంటాయి, కాబట్టి సూది లేని సిరంజితో కొలిచి తల్లికి చూపించండి.

4. తప్పు జరిగిందని అనుమానం వస్తే

ఖాయమయ్యేదాకా ఆగొద్దు. మెడికల్ ఆఫీసర్‌కి చెప్పి, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా బిడ్డ ఊపిరి గమనిస్తూ ఉండండి. ఇంకొకరు అదే సమయంలో రిజిస్టర్ తీసి, ఆ రోజు ఆ మందు ఎవరెవరికి వెళ్లిందో చూసి, ఫోన్లు చేయాలి, ఆశాలను ఇళ్లకు పంపాలి. మాత్ర ఇంకా వేయని ఇళ్ల నుంచి దాన్ని వెనక్కి తెప్పించాలి. ఖాళీ స్ట్రిప్పు, ఆంపుల్, కవరు పారేయకండి. ఏం లోపలికి వెళ్లిందో పెద్దాసుపత్రి వైద్యులకు చెప్పేవి అవే. మందు వల్ల కలిగిన హానిని 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకు కూడా తెలియజేయవచ్చు.