మన చదువు జనంలోకి – 4వ పాఠం: రేటు ఎవరు పెట్టారు?

పోయిన పాఠంలో ఒక బిజినెస్ వార్త కట్ చేసి పెట్టుకోమన్నా కదా. తిరుపతిలో ఎంబీఏ, పీహెచ్‌డీ చేసేవాళ్ళకి చేతికందే వార్త అంటే తోతాపురి మామిడి రేటే, అందుకే ఈసారి దాని మీదే ప్రాక్టీస్ చేద్దాం.

ముందు థియరీ, కొంచెమే. క్రిటికల్ మేనేజ్‌మెంట్ స్టడీస్, అంటే కంపెనీలు, మేనేజ్‌మెంట్ నడిచే తీరుని ప్రశ్నించే చదువు, దాని పేరు 1992లో ఆల్వెసన్, విల్‌మాట్ ఎడిట్ చేసిన పుస్తకంతో నిలబడింది. 2000లో ఫోర్నియే, గ్రే అనే ఇద్దరు ఒక రీసెర్చ్ పేపర్‌లో దీనికి మూడు గుర్తులు చెప్పారు, అందులో మనకి ఇవాళ కావాల్సింది ఒక్కటే: "ఇది ఇంతే, వేరే దారి లేదు" అని ఎవరన్నా అంటే, కాదు ఇది మనుషులు పెట్టుకున్నదే, ఇంకోలా కూడా పెట్టుకోవచ్చు అని చూపించడం. మిగతా రెండూ తర్వాత.

ఇప్పుడు వార్తకి వద్దాం. 2025 సీజన్‌లో దిగుబడి ఎక్కువైంది, పాత గుజ్జు స్టాక్ మిగిలిపోయింది, అందుకే రేటు పడిపోయింది అన్నారు. ఇందులో నిజం ఉంది, దాన్ని దాచిపెట్టి రాయొద్దు. కానీ అక్కడే ఆపేస్తే రేటు వడగళ్ళ వాన మాదిరి పైనుంచి పడినట్టే ఉంటుంది. అదే సీజన్‌లో ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అని ప్రకటించింది, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది అని. అంటే రేటు మీటింగ్‌లో కూర్చుని కూడా పెట్టొచ్చన్నమాట!

ఇక్కడ పెన్ను తియ్యండి. ఆ 8 ఇవ్వకపోతే అడిగేదెవరు? లోడు ఫ్యాక్టరీ లోపలికి పోవడానికి ఇచ్చే టోకెన్ ఎవరి చేతిలో ఉంది? ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ నిలబడినంతసేపూ కాయ మెత్తబడతా ఉంటుంది, ఆ నష్టం రైతుదే, పైగా ట్రాక్టర్ బాడుగ వేరే, అందుకే చివరికి ఎంతకో ఒకంతకి దించేసి పోతాడు. నన్నడిగితే వార్త మొత్తంలో అసలు సంగతి ఆ గేటు దగ్గరే ఉంది.

ఇక రాయడం. "వ్యవసాయ సరఫరా గొలుసులో అధికార అసమానతలు" అని మొదలుపెడితే దామలచెరువు మామిడి మండీలో ఒక్కరు కూడా రెండో లైనుకి రారు. ఇలా రాయండి: "4 టన్నుల లోడుకి 12 లెక్కన 48 వేలు రావాలి. ఫ్యాక్టరీ 8 బదులు 5 ఇస్తే అందులో 12 వేలు పోయినట్టే. అది రాబట్టే బాధ్యత ఎవరిది?" థియరీ పేరు ఒక్కటీ లేదు, కానీ పైన చెప్పిన గుర్తు మొత్తం అందులోనే ఉంది.

ఇదంతా మనకెందుకు అనేవాళ్ళు మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ సుమంత్ర ఘోషాల్ రీసెర్చ్ పేపర్ చదవండి, ఆయన చనిపోయాక 2005లో వచ్చింది. బిజినెస్ స్కూళ్ళు నేర్పే థియరీలే స్టూడెంట్స్‌కి నైతిక బాధ్యత అనేది లేకుండా చేస్తున్నాయని సూటిగా రాశాడు. రేపు ఆ ఫ్యాక్టరీల్లో మేనేజర్లయ్యేది మన క్లాసులో కూర్చున్నవాళ్ళే కదా.

హోంవర్క్: మీ వార్త మీద 150 మాటల్లో న్యూస్‌పేపర్‌కి లెటర్ రాయండి. మామిడి తోట ఉన్న ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి, వాళ్ళు "అంటే ఏంది?" అన్న ప్రతి లైనూ మార్చండి. 5వ పాఠంలో టీవీ డిబేట్‌లో ఇదే మాట నలభై సెకన్లలో ఎలా చెప్పాలో చూద్దాం, ఆ లెటర్ దగ్గర పెట్టుకోండి.