పంటి పట్టు – 4వ పాఠం: చిగురును కొలిచి ఎముక అనుకోవద్దు

పోయిన పాఠం చివర, పన్ను ఎముక బయట ఎంత, లోపల ఎంత అని ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది '10.5కి 13' అని జవాబు రాశారు. ఈసారి దవడ పళ్ల వేర్ల గురించి చెబుదామనుకున్నాను. ఈ తప్పు సరిదిద్దకుండా ముందుకు వెళ్లలేం.

లెక్క ఇదీ. పై ముందు పన్ను: కిరీటం (మామూలుగా బయట కనబడే భాగం) 10.5 మి.మీ., వేరు 13. ఎముక అంచు పంటి మెడ (కిరీటం, వేరు కలిసే చోటు) నుంచి వేరు కొన వైపు 6 మి.మీ. జరిగిపోయింది. చిగురు మాత్రం వాచి మెడ దాకా కప్పి ఉంది. మీరు చిగురు బయట కనబడేదే కొలిచారు. వాచిన చిగురు చేనుగట్టు మీద గడ్డి లాంటిది. కింద మట్టి ఎంత కోసుకుపోయిందో పైకి తెలియదు. పన్నును పట్టి ఉంచేది ఎముక, దానికీ వేరుకూ మధ్య సుమారు 0.2 మి.మీ. మందాన ఉండే లిగమెంట్ అనే నారల పొర. కాబట్టి ఎముక బయట ఉన్నది 10.5, 6 కలిపి 16.5. లోపల మిగిలింది 7.

గడ్డపార పొడుగయ్యేకొద్దీ రాయి తేలిగ్గా లేస్తుంది కదా. ఇక్కడా అంతే. కొరికే బలం పెరగకపోయినా బయటి భాగం పొడుగై పన్నును ఎక్కువ ఒరగదోస్తుంది, ఆపాల్సిన వేరేమో పొట్టిదైంది. పైగా వేరు మెడ దగ్గర లావు, కొన దగ్గర సన్నం. అందుకే సగం పొడవు మిగిలితే పట్టు సగం కంటే తక్కువే మిగులుతుంది.

ఎక్స్‌రేలో కొలతలు సాగవచ్చు. నేను మిల్లీమీటర్లను నమ్మను, బయటి భాగానికీ లోపలి భాగానికీ ఉన్న నిష్పత్తే చూస్తాను. గ్రాఫ్ కాగితం మీద గడికొక మి.మీ. చొప్పున గీసుకుంటే తప్పు వెంటనే కనబడుతుంది.

కదలికను వేళ్లతో చూడకండి, వేలి మెత్తదనం మోసం చేస్తుంది. రెండు పరికరాల పిడుల మధ్య పట్టి చూడండి. కదిలిన ప్రతి పన్నుకూ ఎముక పోయిందనీ అనుకోవద్దు. ఎత్తుగా పెట్టిన ఫిల్లింగ్ వల్ల కూడా లిగమెంట్ వెడల్పై పన్ను ఊగుతుంది.

అభ్యాసం: పై కోరపన్ను కిరీటం 10, వేరు 17. కింది ముందు పన్ను కిరీటం 9, వేరు 12.5. రెండింటికీ చిగురు మెడ నుంచి 3 మి.మీ. జారింది, పాకెట్ (చిగురుకూ పంటికీ మధ్య ఏర్పడిన సందు) లోతు చిగురు అంచు నుంచి 4, పాకెట్ అడుగు నుంచి ఎముకకు 2 అనుకోండి. రెండూ గీసి, ఎముక లోపల ఎంత, బయట ఎంత మిగిలిందో రాయండి. పక్కకు తోసే బలానికి ఏది ముందు లొంగుతుందో, ఎందుకో కూడా రాయాలి. ఒక్క అంకె పంపితే సరిపోదు, బొమ్మ కావాలి.