ఉచిత న్యాయ సాయానికి దరఖాస్తు: లా విద్యార్థి చేసేదేంటి, లాయరు చేసేదేంటి

పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఒకావిడ భర్త చెన్నై వెళ్లి డబ్బు పంపడం మానేశాడనుకోండి. భరణం కేసు వేయాలి, ఫీజుకు డబ్బుల్లేవు. ఇలాంటివారికి లాయరును ఉచితంగా పెట్టేది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. శ్రీకాకుళంలో జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు దగ్గరి కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీలో అడగొచ్చు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు వంటి కొన్ని వర్గాలకు ఆదాయ పరిమితి లేదు. మిగతావాళ్ల ఏడాది ఆదాయం మన రాష్ట్రంలో 3 లక్షల లోపు ఉండాలి. దానికి మామూలుగా అఫిడవిట్ సరిపోతుంది.

దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా చాలు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, అక్కడే రాసుకుని వేలిముద్ర తీసుకుంటారు.

లా కాలేజీల న్యాయ సహాయ కేంద్రాల్లో విద్యార్థులు బాగా పనికొచ్చేది ఇక్కడే. పెళ్లెప్పుడు, డబ్బు ఎప్పటి నుంచి ఆగింది, పిల్లలు ఏం చదువుతున్నారు అని ఓపిగ్గా అడిగి, తేదీలవారీగా రాసిపెడతారు. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్, రేషన్ కార్డు, భర్త గతంలో ఫోన్‌పేలో పంపిన డబ్బుల స్క్రీన్‌షాట్లు పట్టుకెళ్లండి. జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. ఆ విద్యార్థులపై ఏ లెక్చరర్ పర్యవేక్షణ ఉందో కూడా అడగండి, అందులో మొహమాటమేం లేదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రొఫెసర్ పర్యవేక్షణలో లా విద్యార్థులే క్లయింట్ల తరఫున కోర్టులో వాదిస్తారు. మన దగ్గర 1961 అడ్వకేట్స్ చట్టం ప్రకారం బార్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాళ్లే లాయర్లుగా వాదించాలి. కాబట్టి వాయిదా రోజున మీ పక్కన నిలబడేది సంస్థ కేటాయించిన లాయరే. "కాలేజీ పిల్లలు రాసిన కాగితం కోర్టులో నిలుస్తుందా" అని కొందరికి టెన్షన్. పిటిషన్‌ను ఆ లాయరు చూసి, సరిచేసి వేస్తారు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

అన్నట్టు, భరణం కేసు భర్త ఉన్న చెన్నైలోనే వేయాలనేం లేదు. భార్య ఉంటున్న చోటే వేయొచ్చు.

దరఖాస్తు ఇచ్చాక 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కాదంటే సంస్థ ఛైర్మన్‌గా ఉండే జిల్లా జడ్జికి అప్పీలు పెట్టుకోవచ్చు. లాయరును పెట్టాక, ఆయన మీ దగ్గర ఫీజు అడిగితే ఇవ్వకండి. ఆ సంగతి సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి.