సామాజిక సదుపాయాల కోసం భూ వినియోగ మార్పు: ప్రజల మాట వింటూ ప్రతిపాదనను నడిపే విధానం

బడికో, ఆరోగ్య కేంద్రానికో, గ్రంథాలయానికో స్థలం దొరికినంత మాత్రాన అక్కడ నిర్మాణం మొదలుపెట్టే వీలుండదు. పట్టణ ప్రణాళికలో ఆ స్థలం వేరే అవసరానికి కేటాయించి ఉంటే, ముందుగా దాని భూ వినియోగాన్ని మార్పించుకోవాలి. ఆ ప్రయత్నం చేసే స్థానిక సంస్థలు, నివాసుల సంఘాలు పాటించదగిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

దరఖాస్తు రాయడానికి ముందు జోనింగ్ నిబంధనలను, అంటే పట్టణంలోని ఏ ప్రాంతాన్ని (జోన్‌ను) ఏ అవసరానికి వాడవచ్చో చెప్పే నియమాలను, పూర్తిగా చదవాలి. నివాస ప్రాంతంలో ప్రాథమిక పాఠశాలను, చిన్న వైద్యశాలను నేరుగానో, కొన్ని షరతులతోనో అనుమతించే నిబంధనలు చాలాచోట్ల ఉంటాయి. అటువంటి వెసులుబాటు ఉంటే జోన్ మార్పు కోరడం వల్ల కాలం వృథా కావడం తప్ప ప్రయోజనం లేదు. మార్పు తప్పదని తేలితే యాజమాన్య పత్రాలు, తాకట్టులు, కోర్టు వివాదాలు, రోడ్డు విస్తరణకు పోయే భాగం, వరద నీరు పారే దారి మొదలైనవన్నీ పరిశీలించుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యంగా బయటపడినా అంతవరకు పడిన శ్రమ నిష్ఫలమవుతుంది.

తరువాత అవసరాన్ని నిరూపించాలి. పాఠశాలను కేంద్రంగా పెట్టుకుని నివాస ప్రాంతాన్ని రూపొందించాలనే ఆలోచనను అమెరికన్ ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ 1929లో వివరంగా ప్రతిపాదించారు; సుమారు పావు మైలు, అంటే 400 మీటర్ల నడక దూరం అప్పటినుంచి ప్రణాళికావేత్తలకు ఒక కొలమానంగా నిలిచింది. అయితే పటం మీద వృత్తం గీసి అందులోని ఇళ్లన్నిటికీ సదుపాయం అందుబాటులో ఉందనుకోవడం పొరపాటు. మధ్యలో రైలు పట్టాలో, దాటడానికి వీలులేని పెద్ద రహదారో ఉంటే 300 మీటర్ల దూరంలోని ఇంటికి నడక దారి కిలోమీటరు దాటవచ్చు. అందువల్ల దూరాన్ని మనుషులు నిజంగా నడిచే దారి వెంట కొలవాలి. అలాగే ఒకే స్థలాన్ని చూపకుండా, కనీసం మరో రెండు స్థలాలను పరిశీలించి, వాటిని ఎందుకు వద్దనుకున్నారో రాసి ఉంచాలి. "ఇక్కడే ఎందుకు?" అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది, రావడం న్యాయం కూడా.

ప్రజల అభిప్రాయం ఎప్పుడు అడుగుతారన్నది అన్నిటికంటే ముఖ్యమైన విషయం. బ్రిటన్‌లో పాఠశాలల మూసివేతకు సంబంధించిన 1985 నాటి గన్నింగ్ కేసులో అంగీకారం పొందిన నాలుగు సూత్రాలు ఈ పనికి ఇప్పటికీ మంచి మార్గదర్శకాలు. ప్రతిపాదన ఇంకా రూపుదిద్దుకుంటున్న దశలోనే సంప్రదింపులు జరగాలి. ప్రజలు ఆలోచించి బదులివ్వడానికి తగిన కారణాలను వారి ముందుంచాలి. అందుకు చాలినంత సమయమివ్వాలి. వచ్చిన అభిప్రాయాలను నిర్ణయానికి ముందు చిత్తశుద్ధితో పరిశీలించాలి. వీటిలో మొదటిదే తరచుగా ఉల్లంఘనకు గురవుతుంది. నక్షాలన్నీ పూర్తయి, నిధులు కూడా ఖరారయ్యాక పెట్టే సమావేశంలో ప్రజలకు మిగిలేది ఒప్పుకోవడమో, గొడవపడటమో మాత్రమే.

నోటీసు విషయంలో చట్టం కోరే కనీసంతో సరిపెట్టుకోకూడదు. సర్వే నంబరు, విస్తీర్ణం మాత్రమే ముద్రించిన ప్రకటన చూసి అది తమ ఇంటి వెనుక స్థలమేనని ఎవరూ గుర్తుపట్టలేరు. చుట్టుపక్కల వీధుల పేర్లతో చిన్న పటం, ఇప్పుడున్న వినియోగం, ప్రతిపాదిత వినియోగం, అభ్యంతరాలు పంపవలసిన చిరునామా, గడువు స్పష్టంగా ఉండాలి. ఆ ప్రకటనను స్థలం దగ్గరే నిలబెట్టాలి. ఇంటి యజమానులకే లేఖలు పంపితే అద్దెకున్నవారికి సంగతే తెలియదు. పనివేళల్లో ఒకే సమావేశం పెడితే కూలికి వెళ్లేవారు, పసిపిల్లల తల్లులు రాలేరు. నిజానికి ఆ సదుపాయం అవసరం ఎక్కువగా ఉన్నది వారికే.

సమావేశంలో "మీరు అనుకూలమా, వ్యతిరేకమా?" అని అడిగితే సభ రెండుగా చీలుతుంది. "ఈ వీధిలో ఏ వేళల్లో రద్దీ ఉంటుంది? వాన పడితే నీరు ఎక్కడ నిలుస్తుంది? పిల్లలు ఏ దారిన నడుస్తారు?" అని అడిగితే ఏ సర్వేలోనూ దొరకని వివరాలు దొరుకుతాయి. బడి వల్ల వచ్చే రద్దీ బడి తెరిచే, వదిలే సమయాల్లోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి రోజంతటి సగటు లెక్క చూపి ఇబ్బంది లేదని చెప్పడం నిజాయితీ అనిపించుకోదు.

ఇక్కడ ఒక విషయాన్ని దాచకుండా చెప్పాలి. జోన్ మార్పు సాధారణంగా భూమికి వర్తిస్తుంది గాని, దరఖాస్తుదారు ఉద్దేశానికి కాదు. గ్రంథాలయం పేరుతో మార్చిన స్థలంలో, నిధులు రాకపోతే, ఆ భూ వినియోగ వర్గంలో అనుమతి ఉన్న మరొక నిర్మాణం రావచ్చు. కాబట్టి కొత్త వర్గంలో అనుమతించే వినియోగాల జాబితా మొత్తాన్ని ప్రజల ముందుంచాలి. చట్టం ఒప్పుకునే చోట ఏ సదుపాయం కడతారు, ఎంత ఎత్తు, ఎన్నేళ్లలోపు మొదలుపెట్టాలి, మొదలుపెట్టకపోతే పాత వర్గానికి తిరిగి వెళ్లాలా అన్నవి షరతులుగా ఉత్తర్వులోనే రాయించాలి. సభలో ఇచ్చిన నోటిమాటకు తరువాత విలువ ఉండదు.

వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒక సంఖ్య ఇచ్చి, దాని సారాంశం, పరిశీలనలో తేలిన విషయం, తీసుకున్న నిర్ణయం, అందుకు కారణం ఒకే పట్టికలో నమోదు చేయాలి. అభ్యంతరాన్ని అంగీకరించకపోయినా కారణం రాయవలసిందే. ఇది ఓట్ల లెక్కింపు కాదు: వంద సంతకాలున్న వినతిపత్రం కంటే, మురుగు కాలువ వాలు తప్పుగా చూపారని చెప్పే ఒక్క వ్యక్తి లేఖ ప్రతిపాదనను మార్చవలసినంత బరువైనది కావచ్చు. అభిప్రాయాల వల్ల ప్రతిపాదన గణనీయంగా మారితే, మారిన రూపాన్ని మళ్లీ ప్రకటించి, మళ్లీ గడువు ఇవ్వాలి. ఈ దశలో తొందరపడితే కోర్టులో మొత్తం ప్రక్రియ కొట్టివేతకు గురయ్యే ప్రమాదం ఉంది.

అధికారిక విచారణకు ఈ పట్టికను, అవసరపు లెక్కలను, పరిశీలించిన ఇతర స్థలాల వివరాలను జతచేసి సమర్పించాలి. ఆమోదం వచ్చాక ఉత్తర్వును ప్రచురించి, అప్పీలు గడువు ముగిసే వరకు పని మొదలుపెట్టకుండా ఆగాలి. ప్రణాళిక పటంలో మార్పు నిజంగా నమోదైందో లేదో కార్యాలయంలో స్వయంగా చూసుకోవాలి. తరువాత భవన అనుమతికి వెళ్లేటప్పుడు, జోన్ మార్పు ఉత్తర్వులోని ప్రతి షరతూ ఆ అనుమతి పత్రంలో కూడా చేరిందో లేదో ఒక్కొక్కటిగా సరిపోల్చుకుని, ఆ రెండు పత్రాల ప్రతులను మొదటి సమావేశానికి వచ్చినవారికి అందజేయాలి.