బొమ్మ చిట్టాలో ఉంది, గదిలో లేదు: స్టూడియో రికార్డుల్లో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

హనుమకొండలోనో కాజీపేటలోనో రెండు గదుల్లో పనిచేసుకునే చిత్రకారుడికి నూరు, నూటయాభై బొమ్మలు పోగయ్యేదాకా జ్ఞాపకమే చిట్టా. ఆ తరువాత ఒక ఎక్సెల్ షీటు మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి షీటు చెప్పేది ఒకటి, గదిలో కనిపించేది మరొకటి అవుతుంది. తరచుగా ఎదురయ్యే చిక్కులను, వాటి వెనుక ఉన్న కారణాలను కింద వివరిస్తున్నాను.

ఒకే బొమ్మ రెండు పేర్లతో కనిపించడం

మన దగ్గర దాదాపు ప్రతి చిత్రకారుడూ కాకతీయ తోరణాన్ని, వేయి స్తంభాల గుడిని, బతుకమ్మను ఏదో ఒక దశలో గీసినవాడే. అందువల్ల చిట్టాలో ‘తోరణం’, ‘కోట తోరణం’, ‘తోరణం – సాయంత్రం’ అని మూడు వరుసలు ఉంటాయి. గోడ దగ్గర వెతికితే రెండే దొరుకుతాయి. బొమ్మ పేరునే దాని గుర్తుగా వాడటం ఇందుకు కారణం. ప్రదర్శనకు పంపేటప్పుడు పేరు మారుతుంది, కొన్నవారు ఇంకో పేరుతో పిలుచుకుంటారు.

ప్రతి పనికీ 2025-014 వంటి సంఖ్య ఒకటి ఇచ్చి, పేరును పక్క గడిలో ఉంచాలి. ఇందులోని సంవత్సరం చిట్టాకెక్కిన సంవత్సరమే తప్ప గీసిన సంవత్సరం కాదు. గీసిన సంవత్సరానికి వేరే గడి ఉండాలి, తెలియనప్పుడు ‘సుమారు 2011’ అని రాసినా సరిపోతుంది. సంఖ్యలోనే మాధ్యమాన్ని, కొలతను, వరుసచిత్రాల పేరును ఇరికించే కోడ్‌లు మొదట ముచ్చటగానే ఉంటాయి గానీ, ఒక్క వివరం తప్పని తేలినా సంఖ్యనే మార్చవలసి వస్తుంది. చిరిగిపోయిన బొమ్మ సంఖ్యను మరొకదానికి ఇవ్వకూడదు.

సంఖ్య షీటులో ఉంటే చాలదు, వస్తువు మీద కూడా ఉండాలి. కాన్వాస్ అయితే వెనుక చెక్క చట్రం మీద, కాగితమైతే వెనుక కింది మూలన మెత్తని పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ ఒత్తు ముందువైపుకు తేలుతుంది. చేర్యాల పటానికి, అంటే కథను బొమ్మలుగా గీసిన పొడవాటి గుడ్డ చుట్టకు, చివరి అంచున చిన్న నూలు పట్టీ కుట్టి దానిమీద రాయడం మేలు. పెంబర్తి ఇత్తడి పనికి దారంతో చీటీ కట్టాలి. స్టిక్కర్లు వానకాలం తేమకు ఊడిపోతాయి, పోతూ పోతూ జిగురు మరకను వదిలిపోతాయి.

చిట్టాలో ఉన్న బొమ్మ గదిలో లేకపోవడం

అన్నిటికన్నా ఎక్కువగా నష్టపరిచేది ఇదే. కొన్నేళ్ల కిందట నేను మూడు చిత్రాలను ఫ్రేము కట్టించడానికి ఇచ్చి, రెండింటినే తెచ్చుకున్నాను. మూడోదాని కోసం స్టూడియో అంతా రెండుసార్లు తిరగేశాను, ఎందుకంటే నా షీటులో దాని ‘స్థానం’ అనే గడిలో ‘పై అర’ అని ఉంది. అది అబద్ధం కాదు. ఆ మాట రాసిన రోజున బొమ్మ పై అరలోనే ఉంది. స్థానం గడి బొమ్మ నిన్న ఎక్కడుందో చెబుతుంది, అది గడప దాటిన సంగతి దానికి తెలియదు. చివరికి ఆ చిత్రం దుకాణంలోనే గోడకు ఆనించి ఉన్నట్టు తేలింది. దుకాణదారును తప్పుపట్టడానికి నా దగ్గర ఒక్క చీటీ కూడా లేదు.

దీనికి మందు షీటులో మరో గడి చేర్చడం కాదు. తలుపు పక్కనే మేకుకు దారంతో ఒక నోటుబుక్కు వేలాడదీయాలి. బొమ్మ బయటకు పోయే ముందే, చేతిలో బొమ్మ ఉండగానే, తేదీ, సంఖ్య, ఎవరికి, ఎందుకు, ఎప్పటికి తిరిగి రావాలి అన్న ఐదు సంగతులు అందులో రాయాలి. తిరిగి వచ్చినప్పుడు అదే వరుసలో రాక తేదీ వేయాలి. హైదరాబాద్ గ్యాలరీకి అమ్మకానికి పంపినా, బ్యాంకు వరండాలో పెట్టడానికి ఎరువిచ్చినా, రెండు ప్రతుల చలాన్ రాసి తీసుకున్నవారి సంతకం ఒక ప్రతి మీద తీసుకోవాలి. బంధువుల విషయంలో సంతకం అడగడానికి మొహమాటపడతాం. వాట్సాప్‌లో ‘ఈ సంఖ్య చిత్రం ఈ రోజు మీకు చేరింది’ అని ఒక సందేశం పంపి జవాబు తెప్పించుకున్నా సరే. నెలకొకసారి పుస్తకం తిరగేసి, గడువు దాటిన వరుసలకు ఫోన్ చేస్తే చాలు.

కొలతలు పొసగకపోవడం

ఒకసారి ఫ్రేముతో, ఒకసారి ఫ్రేము లేకుండా కొలవడం, ఎత్తు వెడల్పులు తారుమారు కావడం ఇందుకు కారణాలు. ముందు ఎత్తు, తరువాత వెడల్పు, ఫ్రేము లేకుండా, సెంటీమీటర్లలో అని షీటు తలకట్టులోనే రాసుకోవాలి. 24 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు అంటే 61 × 91.4.

‘మిక్స్‌డ్ మీడియా’ అని రాసి ఊరుకోవడం

ఒకటికి మించిన పదార్థాలు కలిపి చేసిన పని అని మాత్రమే దీని అర్థం. పదేళ్ల తరువాత రంగు పొరలుగా లేచినప్పుడు బాగుచేసేవారికి ఆ మాట ఏమీ చెప్పదు. చేర్యాల పటాలు గీసే నకాషీ పద్ధతిలో ఖాదీ గుడ్డ మీద సుద్ద, చింతగింజల జిగురు కలిపిన పూత వేస్తారు; దానిమీద నేడు సహజ రంగులూ పడతాయి, దుకాణంలో కొన్న పోస్టరు రంగులూ పడతాయి. ఏ గుడ్డ, పూతలో ఏముంది, ఏ రంగు, పైన వార్నిష్ ఉందా లేదా అన్న నాలుగు మాటలు గీసిన వారంలోనే రాయాలి.

జిల్లా పేర్లు తికమకపెట్టడం

2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా విడిపోయింది. చేర్యాల సిద్దిపేట జిల్లాకు, పెంబర్తి జనగామ జిల్లాకు వెళ్లాయి; వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లా అయింది. పాత బిల్లును, పాత పద్దును దిద్దకూడదు. ఊరి పేరును స్థిరంగా ఉంచి, నేటి జిల్లాను పక్కన చేర్చాలి.

ఫొటో ఉంది, ఏ బొమ్మదో తెలియదు

ఫోన్ ఇచ్చిన పేరును తీసేసి ఫైలుకు బొమ్మ సంఖ్యనే పెట్టాలి. వెనుకవైపు ఫొటో కూడా తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గుతుంది కనుక డాక్యుమెంటుగా పంపాలి. ఒక ప్రతి హార్డ్ డిస్కులో, మరొకటి ఇంటి బయట ఉండాలి.

అమ్మిన తరువాత వివరాలు మిగలకపోవడం

అమ్ముడుపోయిన వరుసను తొలగించడం పెద్ద పొరపాటు. చిత్రం అమ్మినంత మాత్రాన కాపీరైట్ కొన్నవారికి పోదు, దానికి రాతపూర్వక బదిలీ కావాలి. పైగా అసలు చిత్రం 10,000 రూపాయలకు మించిన ధరకు తిరిగి అమ్ముడైనప్పుడు, మొదటి హక్కుదారైన చిత్రకారుడు ఆ ధరలో భాగం కోరవచ్చునని 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 53ఎ సెక్షన్ చెబుతుంది. ఆ భాగం 10 శాతాన్ని మించరాదు. కొన్నవారి పేరు, తేదీ, ధర, బిల్లు సంఖ్య లేకుండా ఆ హక్కును అడగడం కష్టం.

పాత బకాయి కొండలా కనిపిస్తే, కాలక్రమం జోలికి పోకుండా తలుపుకు దగ్గరగా ఉన్న అర నుంచి మొదలుపెట్టి, చేతికి దొరికిన వరుసలోనే సంఖ్యలు వేసుకుంటూ పోవాలి. రోజుకు పది చొప్పున అయినా నూటయాభై బొమ్మలు పదిహేను రోజుల్లో పూర్తవుతాయి.